'ము' రాలిన ఉత్తర్వు

ముగ్గురాళ్ళపల్లెలో మంచు ఎన్నడూ పడలేదు. వడగళ్ళు ఒకసారి పడ్డాయని చెప్పుకుంటారు గానీ, కళ్ళారా చూశానన్న మనిషి ఇంతవరకూ దొరకలేదు. మే నెలలో ఆ ఊరి కాకులు కూడా నీడ చూసుకొనే ఎగురుతాయి. అలాంటి ఊళ్ళో అయిదేళ్ళు నిండిన ప్రతి బిడ్డా మంచు మీద జారడం నేర్చుకు తీరాలని ఒకనాడు ఉత్తర్వు వెలువడింది. అదెలా వెలువడిందో మండలం మొత్తంలో మొదట తెలిసినవాడు ఒక్కడే. అతని పేరు మద్దిలేటి.

మండల విద్యాధికారి కార్యాలయానికి ఎదురుగా మద్దిలేటికి ఒక టైపింగు సెంటరుంది. సెంటరంటే మరేం కాదు, ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, వచ్చినవాళ్ళు కూర్చోడానికి ఒక స్టూలు. ఆఫీసులోనూ ఒక కంప్యూటరుంది. దానిమీద కప్పిన గుడ్డ తీసే అధికారం ఎవరిదో ఎంతకీ తేలక, చిత్తుప్రతులన్నీ రోడ్డు దాటి మద్దిలేటి దగ్గరికే వస్తాయి. పదకొండేళ్ళుగా ఆ మండలంలోని చదువంతా అతని పది వేళ్ళ మీదే నడుస్తోంది.

ఆ రోజు వచ్చిన చిత్తుప్రతిలో ఉన్నది ఇది: "ఒకటవ తరగతిలో చేరగోరు బాలబాలికల తల్లిదండ్రులు, తమకు అనుకూలమైన స్కీము స్కూలును ఎంపిక చేసుకొని, అచట పొందిన ధ్రువపత్రమును సమర్పించవలెను."

స్కీము స్కూలు ఊళ్ళో అందరికీ తెలిసిందే. ప్రభుత్వ స్కీము కింద నడిచే చిన్నపిల్లల బడి. పిల్లలు అక్కడ పప్పన్నం తిని, అ ఆలు పాడి, చాప మీద ఒక కునుకు తీసి ఇంటికొస్తారు. మద్దిలేటి కూతురు హిమబిందు కూడా రెండేళ్ళు అక్కడే తిని, పాడి, పడుకుంది.

మద్దిలేటి ఆ వాక్యం కొడుతూండగా 'స్కీ' దగ్గర వరస నిండింది. 'ము' జారి కింది వరసలో పడింది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. గంటన్నర తరువాత కరెంటొచ్చి చూస్తే, వరస మొదట్లో 'ము' ఒంటరిగా కూర్చొని ఉంది. ఇదేదో పొద్దున కొట్టిన కాగితంలో మిగిలిపోయిన ముక్క అనుకున్నాడు. ఒక్క మీట నొక్కి చెరిపేశాడు.

విద్యాధికారి అనంతశయనం గారు ఆ కాగితం మీద సంతకం పెట్టారు. చదివి సంతకం పెట్టేవాడు గుమాస్తా, చదవకుండా పెట్టేవాడు అధికారి అన్నది ఆయన సిద్ధాంతం. ఆ సిద్ధాంతం మీదే ఆయన గుమాస్తా నుంచి అధికారి దాకా వచ్చారు. కాగితం బడులకు వెళ్ళింది. ఒక ప్రతి జిల్లాకూ వెళ్ళింది. నాలుగో రోజు జిల్లా నుంచి జవాబొచ్చింది: "గ్రామీణ బాలలకు శీతల క్రీడలను పరిచయము చేయు నిమిత్తము తమరు చేపట్టిన వినూత్న కార్యక్రమము మిక్కిలి ప్రశంసనీయము. దీనిని జిల్లా అంతట అమలుపరచుటకు నిర్ణయించడమైనది."

అప్పుడు మాత్రం అనంతశయనం గారు తన ఉత్తర్వును మొదటిసారి తెప్పించుకొని చదివారు. తనకింత దూరదృష్టి ఉందని ఆయనకే తెలియదు. రెండుసార్లు చదివి, పటం కట్టించమన్నారు.

*

మద్దిలేటికి సంగతి తెలిసింది బడులు తెరిచిన రోజున. కూతురికి కొత్త గౌను తొడిగి, పలక సంచీ భుజాన తగిలించి, స్కీము స్కూలు వాళ్ళిచ్చిన ధ్రువపత్రం మడత నలగకుండా జేబులో పెట్టుకొని, వీధి చివరి బడికి తీసుకెళ్ళాడు. ఆ బడి హెడ్‌మిస్ట్రెస్ మేరీ సుశీల టీచరమ్మ. మద్దిలేటికి అక్షరాలు దిద్దించింది కూడా ఆమే. ఆమె కాగితం చూసింది, ఉత్తర్వు చూసింది, మళ్ళీ కాగితం చూసింది.

"నీ పత్రంలో ఒక అక్షరం ఎక్కువుంది, మద్దిలేటీ," అంది.

"ఎక్కువుంటే ఏమాయ టీచరమ్మా? తక్కువుంటే గదా తప్పు?"

"ఇక్కడ చూడు. స్కీ స్కూలు అని ఉంది. నీది స్కీము స్కూలు. స్కీ అంటే మంచు మీద జారేదంట. మా అల్లుడు ఫోన్లో చూపించినాడు. నేనేం చేసేది నాయనా, పై నుంచి వచ్చిన కాగితం. నెలాఖరుకు రిజిస్టరు మూసేస్తారు. ఆ లోపల ఆ ముక్క తెచ్చుకో. లేదంటే బిడ్డకు ఏడాది పోతాది."

మద్దిలేటి ఆ ఉత్తర్వు చేతిలోకి తీసుకొని చూశాడు. తన అక్షరాలే. తన ప్రింటరు కుడి అంచున వేసే నల్లగీత కూడా ఉంది. 

బిందు అప్పటికే చెప్పులు విప్పి గడప దాటబోతోంది. టీచరమ్మ మెల్లగా దాని భుజం పట్టుకొని బయట అరుగు మీద కూర్చోబెట్టింది. ఆ అరుగు మీద అప్పటికే పద్దెనిమిదిమంది పిల్లలున్నారు. బిందుతో పందొమ్మిది. లోపల గదిలో చాపలు ఖాళీగా ఉన్నాయి.

"నాయనా, నేనెప్పుడు లోపలికి పోతా?" అని అడిగింది బిందు.

"మాపటికి, తల్లీ," అన్నాడు మద్దిలేటి. నోటికి వచ్చింది అన్నాడు గానీ, అన్నాక చాలా సిగ్గేసింది.

తిన్నగా ఆఫీసుకు వెళ్ళాడు. అనంతశయనం గారు పటం కింద కూర్చొని ఉన్నారు. మద్దిలేటి చేతులు కట్టుకొని ఉన్న సంగతంతా చెప్పాడు. వరస నిండడం, కరెంటు పోవడం, 'ము' చెరిపేయడం, ఏదీ దాచలేదు. "తప్పు నాదే సార్. కాళ్ళు మొక్కుతా. ఒక్క 'ము' కలిపి ఇంకో కాగితం ఇప్పించండి," అన్నాడు.

అనంతశయనం గారికి కోపం రాలేదు. జాలి కలిగింది.

"చూడు మద్దిలేటీ, నీవు టైపిస్టువు. టైపిస్టుకు వేళ్ళుంటాయి, అభిప్రాయాలుండవు. తప్పు జరిగినదని నీవనుకొన్నంత మాత్రమున అది తప్పు కాజాలదు. తప్పును తప్పుగా గుర్తించుటకు ఒక కమిటీ వేయవలెను. కమిటీ వేయుటకు తప్పు జరిగినదని నివేదిక కావలెను. నివేదికను టైపు చేయవలసినది నీవు. తప్పు చేసినవానిచే నివేదిక టైపు చేయించరాదని నిబంధన. ఇప్పుడు నీవే చెప్పు, తప్పు ఎక్కడున్నది?"



"పైపెచ్చు," అన్నారాయన కుర్చీలో వెనక్కి వాలి, "ధ్రువపత్రము అను మాటను గమనించితివా? ధ్రువము! ధ్రువమునందు మంచు గాక మరేముండును? పెద్దలు ఊరక పెట్టలేదు ఆ పేరు. పో, పోయి బిడ్డకు మంచి స్కీ స్కూలు చూడు. ఎంపికలో తొందర పడకు. బాల్యమున వేసిన పునాది, తెలుసు కదా."

*

డిమాండుంటే ముగ్గురాళ్ళపల్లెలో ఏదైనా మొలుస్తుంది, వానతో పని లేదు. వారం రోజుల్లో ఊళ్ళో మూడు స్కీ స్కూళ్ళు వెలిశాయి. జనం మొదట రెండు రోజులు నవ్వారు. మూడో రోజున పక్కింటివాడు కొడుకును చేర్చాడని తెలిసి నవ్వు మానేశారు. నాలుగో రోజుకు, "మీ పాపను యాడ ఏసినారు?" అన్నదే ఊళ్ళో పలకరింపు అయింది. బట్టల దుకాణాల్లో కోతిటోపీలు అయిపోయాయి.

మద్దిలేటి భార్య సుంకులమ్మ మాటలో వాడి ఉన్న మనిషి. "మంచుల జారేది నేర్పిస్తారంట! మన ఊళ్ళో నీళ్ళ కుళాయే వారానికోసారి జారతాది. ఏం బుద్ధి పుట్టిందో ఆ రాసినోనికి, వాని చేతులు పడిపోనూ," అంది.

మద్దిలేటి తన చేతుల వంక చూసుకున్నాడు. ఆ రాసినవాడు తనేనని ఆమెకు చెప్పడానికి అతనికి మరో రెండు రోజులు పట్టింది. చెప్పాక ఆమె తిట్టలేదు.  "సరే, పద. చేసినోనివి నువ్వే, తిరగాల్సింది కూడా మనమే," అని చీర కుచ్చెళ్ళు సర్దుకొని లేచింది. ఆ మాటలన్నీ ఇంటి అరుగు చివర ఆడుకుంటున్న బిందు చెవిన పడ్డాయి. దానికర్థమైనది ఒక్కటే. నాయన 'ము' అనే అక్షరాన్ని ఎక్కడో పారేసుకున్నాడు, అది దొరికితే తనను లోపలికి రానిస్తారు.

మొదట వెళ్ళింది శీతాద్రి ఇంటర్నేషనల్ ఒలింపియాడ్ స్కీ అకాడమీకి. మొన్నటిదాకా అది ఇంజనీరింగు ప్రవేశపరీక్షల కోచింగు సెంటరు. బోర్డు మీద పాత పేరు పైన కొత్త పేరు అంటించారు. లోపల ఏసీ గదిలో నలభైమంది పిల్లలు స్వెట్టర్లు వేసుకొని బెంచీల మీద చేతులు కట్టుకొని కూర్చున్నారు. మాస్టారు కర్ర పట్టుకొని అడుగుతున్నాడు.

"మంచు అనగానేమి?"

"ఘనీభవించిన నీటియావిరిని మంచు అందురు!"

"స్కీ పలకలు ఎన్ని?"

"రెండు!"

"కాళ్ళు ఎన్ని?"

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు బెంచీ పిల్లవాడు లేచి, "సిలబస్‌లో లేదు సార్," అన్నాడు. మాస్టారు వాడి వీపు తట్టాడు.

"పిల్లోల్లు జారేది ఎప్పుడు సార్?" అని అడిగింది సుంకులమ్మ.

టై కట్టుకున్న డైరెక్టరు చిన్నగా నవ్వాడు. "మా దగ్గర జారడం ఉండదమ్మా. జారితే టైం వేస్టు. మేం ఫౌండేషన్ ఇస్తాం. వారానికి రెండు టెస్టులు, ఆదివారం గ్రాండ్ టెస్టు. పదో తరగతికల్లా పాప ఎక్కడైనా జారగలదు, అది మా గ్యారంటీ. ముందు ఎంట్రన్స్ రాయనివ్వండి."

రాయడం రాదు కాబట్టి బిందుకు నోటితోనే పెట్టారు. ఒక్కటే ప్రశ్న. "ఎస్కిమోలు నివసించు ఇంటిని ఏమందురు?"

బిందు కాసేపు ఆలోచించింది. "ఇల్లు," అంది.

డైరెక్టరు విచారంగా తలాడించాడు. ఇగ్లూ అనాలట, పాపకు కాన్సెప్టు లేదన్నాడు. ముందు ఆరు నెలలు ప్రీ-స్కీ చేర్పించి తీసుకురమ్మన్నాడు. బయటికొచ్చాక సుంకులమ్మ కూతురి తల నిమిరి, "ఇల్లును ఇల్లనక ఏమంటారే," అంది. ఆ రోజంతా ఆమె కోపం తగ్గలేదు.

రెండోది ప్రభుత్వ ఆదర్శ స్కీ పాఠశాల. ఊరి బయట పాత గొర్రెల ఆసుపత్రికి సున్నం కొట్టి పెట్టారు. తలుపుకు తాళం, గోడ మీద మంజూరైన పోస్టుల జాబితా. ప్రిన్సిపాలు ఖాళీ, జారుడు ఉపాధ్యాయుడు ఖాళీ, పడినవారిని లేపు సహాయకుడు ఖాళీ. భర్తీ అయిన పోస్టు ఒక్కటే ఉంది. వేపచెట్టు కింద నులకమంచం మీద కూర్చొని ఒక ముసలాయన బీడీ కాలుస్తున్నాడు. ఆయన మంచు కాపలాదారు.

"మంచు ఎప్పుడొస్తాది పెద్దాయనా?" అడిగాడు మద్దిలేటి.

"టెండరు పిలిచినారంట నాయనా. మంచు ఇంకా శాంక్షను కాల్యా. వచ్చినాక ఎవురూ ఎత్తకపోకుండా చూసేది నా డూటీ." ఆయన బీడీ ఆర్పి గర్వంగా చుట్టూ చూశాడు. "నేను చేరి నాలుగు దినాలాయ. ఇంతవరకూ ఒక్క చెంచాడు గూడా పోలేదు."

మద్దిలేటికి ఆయనలో ఏ తప్పూ కనిపించలేదు. తన పని తాను నిజాయితీగా చేస్తున్న మనిషి ఆ వ్యవహారం మొత్తంలో ఆయనొక్కడేమో అనిపించింది.

మూడోది పుల్లన్న గురువుది. పుల్లన్న చుట్టుపక్కల ఊళ్ళకు చెక్కభజన నేర్పే మనిషి. ముగ్గురాయి మిల్లు వెనక మూడు తాటిచెట్ల ఎత్తున ముగ్గుపిండి గుట్ట ఉంది. ఏళ్ళ తరబడి మిల్లువాళ్ళు పారబోసిన పొడి. పుల్లన్న ఆ గుట్ట కింద ఒక పందిరి వేసి, 'ముగ్గుగుట్ట స్కీ భజన మందిరం' అని బొగ్గుతో రాశాడు.

"నీకు స్కీ యాడ వచ్చు పుల్లన్నా?" అంది సుంకులమ్మ.

"ఏముంది చెల్లీ ఇందులో? రెండు చెక్కలే గదా. చేతుల్లో పట్టుకుంటే భజన, కాళ్ళకు కట్టుకుంటే స్కీ. అడుగు తప్పితే అదీ పోతాది, ఇదీ పోతాది. తాళం మాత్రం ఒకటే."

ఆయన తాళం వేస్తూ పాడుతుంటే గుట్ట మీద నుంచి పిల్లలు వరసగా జారుతున్నారు. చెక్కలు నిలిచినవాళ్ళు చెక్కల మీద, నిలవనివాళ్ళు పిర్రల మీద. కిందికొచ్చేసరికి అందరూ తెల్లగా, కళ్ళు మాత్రం నల్లగా ఉన్నారు. అందరూ నవ్వుతున్నారు. మూడు స్కూళ్ళలోనూ పిల్లలు నవ్వుతున్నది ఇక్కడే. బిందు అప్పటికే నాయన చెయ్యి విడిపించుకొని గుట్ట ఎక్కుతోంది.

"ఇంక ఎంచుకునేది ఏముంది?" అంది సుంకులమ్మ.

*

ఆ తరువాత పదిహేను రోజులూ బిందు పొద్దున బడి అరుగు మీద, సాయంత్రం ముగ్గుగుట్ట మీద గడిపింది. అరుగు మీద పందొమ్మిదిమందీ కిటికీ చువ్వలు పట్టుకొని లోపలి పాఠం వినేవాళ్ళు. లోపల అకాడమీ పత్రాలు తెచ్చుకున్న పదకొండుమంది కూర్చున్నారు. మేరీ సుశీల టీచరమ్మ రోజురోజుకూ గొంతు పెంచి పాఠం చెప్పేది. ఒకసారి మద్దిలేటి అటుగా పోతూ విన్నాడు. వీధి సగం దాకా వినిపిస్తోంది. ఆమె బల్ల కూడా కిటికీ దగ్గరికి జరిగి ఉంది.

బిందుకు మాత్రం వేరే పని ఉంది. గుట్ట మీద తన వంతు వచ్చేదాకా ముగ్గుపిండిలో వేలితో ఒకటే అక్షరం రాసేది. సుంకులమ్మ రోజూ వాకిట్లో ముగ్గేస్తూ, "ముగ్గులో మొదటిదే నువ్వెతికే 'ము' గాదటే," అని చెయ్యి పట్టి దిద్దించేది. అందుకని అంత ముగ్గున్నచోట అది తప్పక దొరుకుతుందని దాని నమ్మకం.

నెలాఖరుకు మూడు రోజులుందనగా, పుల్లన్న ఇచ్చే పత్రాల మీద సంతకం కోసం ముగ్గుగుట్ట దగ్గర తనిఖీ జరిగింది. అనంతశయనం గారు మఫ్లరు చుట్టుకొని, కోటు తొడుక్కొని వచ్చారు. శీతల క్రీడల తనిఖీకి శీతల దుస్తులు ధరించవలెనని జిల్లావారి ఉత్తర్వు. అది కొట్టింది కూడా జిల్లాలో మద్దిలేటి లాంటి మరొకడు. ఆ రోజు ఎండ నలభై నాలుగు. అధికారి ముక్కు కొస నుంచి చెమట బొట్లు బొట్లుగా రాలుతోంది. పక్కన సూపరింటెండెంటు వామనరావు నిబంధనలు చదివి వినిపించాడు: "బాలబాలికలు పైనుండి క్రిందికి జారవలెను. క్రిందినుండి పైకి జారరాదు. పడినవారు పడినట్లు ముందుగా తెలియజేయవలెను."

బిందు వంతు వచ్చింది. కోతిటోపీ కళ్ళ మీదికి జారుతుంటే పైకి నెట్టుకొని, చెక్కల మీద నిలబడి, పుల్లన్న తాళానికి బయలుదేరింది. సగం దాకా అచ్చంగా నిలబడే వచ్చింది. తరువాత చెక్కలు ఒక దారి, పిల్ల ఒక దారి. కిలకిలా నవ్వుతూ పిర్రల మీద జారి, తెల్లటి దుమ్ముతో సహా వచ్చి అధికారి బూట్ల దగ్గర ఆగింది.

"పేరేమి పాపా?"

"హిమబిందు."

"హిమము! బిందువు!" అనంతశయనం గారు చెమట తుడుచుకున్నారు. "ఆహా! తల్లిదండ్రులు ఎంత ముందుచూపుతో పెట్టినారు!" ఆయన చూపు పక్కన పిండిలో వేలితో రాసిన వరస మీద పడింది. ము, ము, ము, ము అని గుట్ట పొడుగునా ఉంది. "ఇదేమి? ముగ్గా?"

"ముగ్గు కాదు సార్, ము. మా నాయన పారేసుకున్యాడు. నేను ఎతుకుతాండా."

 మూడు వారాల కిందట మద్దిలేటి ఆయన ముందు చేతులు కట్టుకొని చెప్పిన మాటే అది. ఇప్పుడైనా గుర్తుకొస్తుందేమోనని ఆయన మొహంలోకే చూస్తూ నిలబడ్డాడు.

అనంతశయనం గారు తల పంకించారు. "చాలా చక్కగా ఉన్నది. వామనరావ్, ముగ్గుల పోటీ కూడా కార్యక్రమములో చేర్చండి," అని, ధ్రువపత్రం మీద సంతకానికి కలం తీశారు.

కలం కాగితం మీద ఆనబోతుండగా వామనరావు చెవిలో గొణిగాడు. "సార్, మంచైతే కరగాలి కదండీ. ఇంత ఎండలో ఇది కరగలేదు. ఆడిట్ వాళ్ళు అడుగుతారు."

కలం ఆగింది. అనంతశయనం గారు గుట్టవైపు తేరిపార చూశారు. "ఇది మంచేనా?" అని పుల్లన్నను అడిగారు.

"ముగ్గురాయి పొడి సార్. తెల్లగా ఉండాది గదా అని..."

"తెల్లగా ఉండుట మంచుకు అవసరమే గాని, చాలదు," అన్నారు అధికారి. చాలాసేపు ఆలోచించారు. ఆయన ఆలోచిస్తే మండలానికి ఎంత ప్రమాదమో మద్దిలేటికి తెలుసు. "అకాడమీవారు మంచు చూపనే లేదు. వీరు చూపినది కరుగుట లేదు. అనగా లోపము స్కూళ్ళలో లేదు, మంచులో ఉన్నది. అన్ని ధ్రువపత్రములూ ప్రస్తుతానికి నిలుపుదల చేయడమైనది. దీనికి నూతన ఉత్తర్వు అవసరము."

*

నెలాఖరుకు ముందు రోజు మధ్యాహ్నం వామనరావు చిత్తుప్రతి పట్టుకొని రోడ్డు దాటి వచ్చాడు. స్టూలు మీద కూర్చొని, "తొందరగా కొట్టు, సారు ఊరికి పోవాల," అన్నాడు. మద్దిలేటి చదివాడు.

"ఒకటవ తరగతిలో చేరగోరు బాలబాలికలు స్కీ స్కూలు ధ్రువపత్రమును, దానికి తోడుగా తమ నివాస ప్రాంతమున గత మూడు సంవత్సరములుగా మంచు కురియుచున్నట్లు హిమపాత ధ్రువీకరణ పత్రమును సమర్పించవలెను."

"సార్, మన ఊళ్ళో మంచు పడతాదని కాగితం ఎవరిస్తారు సార్?"

"అడగడం వరకే మన పని మద్దిలేటీ. తెచ్చుకోవడం వాళ్ళ పని," అన్నాడు వామనరావు. చెడ్డవాడేం కాదు. ముప్పై ఏళ్ళుగా కాగితాలు మోసీ మోసీ అలా అయ్యాడు.

మద్దిలేటి కొట్టడం మొదలుపెట్టాడు. రేపటితో రిజిస్టరు మూస్తారు. ఇప్పుడు అకాడమీ పిల్లలు పదకొండుమంది కూడా అరుగు మీదికి వస్తారు. ముప్పైమంది బయట, టీచరమ్మ ఒక్కతే లోపల. బిందు రేపు కూడా నేనెప్పుడు పోతా అని అడుగుతుంది. మాపటికి అని మళ్ళీ చెప్పాలి. చెప్పడానికి ఇంక అతనికి మొహం చెల్లదు.

చివరి మాట దగ్గరికొచ్చాడు. సమర్పించవలెను. పదకొండేళ్ళలో ఆ 'వలెను' ఎన్ని వేలసార్లు కొట్టాడో లెక్కే లేదు. హాజరు కావలెను, జమ చేయవలెను, సంజాయిషీ ఇవ్వవలెను. కళ్ళు మూసుకున్నా వేళ్ళు వాటంతట అవే కొట్టేస్తాయి. ఈసారి వేళ్ళు 'వ' దగ్గర ఆగాయి.

టైపిస్టుకు వేళ్ళుంటాయి, అభిప్రాయాలుండవు. మద్దిలేటి నిజంగానే అంతవరకూ ఆ మాట నమ్మాడు. తన వృత్తిలో తెలిసి ఒక్క ఒత్తు తప్పు కొట్టిన పాపాన పోలేదు. పొరపాటున రాలిన ఒక్క అక్షరానికే మూడు వారాలు నిద్రలేదు. ఇప్పుడు తెలిసి చేస్తే ఈ సెంటరు ఉంటుందో పోతుందో, అసలు తన చేతికి మళ్ళీ ఎవరైనా కాగితం ఇస్తారో ఇవ్వరో. వామనరావు స్టూలు మీద కునికిపాట్లు పడుతున్నాడు. కరెంటుంది. పోతే బాగుండునని ఒక్క క్షణం అనిపించింది. పోలేదు.

మద్దిలేటి 'లెను' కొట్టలేదు. 'లదు' అని కొట్టాడు. సమర్పించవలదు.

మొదటినుంచి చివరిదాకా అక్షరం అక్షరం చదివాడు. మళ్ళీ చదివాడు. ప్రింటు తీసి, తానే రోడ్డు దాటి తీసుకెళ్ళాడు. అనంతశయనం గారు బస్సుకు టైమయిందని హడావిడిలో ఉన్నారు. మఫ్లరు చుట్టుకోవాలా, సంచీలో పెట్టుకోవాలా అని అడుగుతూనే సంతకం పెట్టారు. ముప్పైరెండేళ్ళ సర్వీసులో ఆయన సిద్ధాంతం ఒక్కసారీ తప్పలేదు. ఆ రోజు కూడా తప్పలేదు.

తరువాత జరిగింది కూడా చెప్పుకోవాలి కాబట్టి చెప్పుకుందాం. వారం తిరక్కుండా జిల్లా నుంచి, "తల్లిదండ్రులపై కాగితముల భారమును తగ్గించిన తమ సాహసోపేత నిర్ణయము" మిక్కిలి ప్రశంసనీయమని ఉత్తరం వచ్చింది. మొదటి పటం పక్కన రెండో పటం చేరింది. అకాడమీ మాత్రం మూతపడలేదు. పత్రం అక్కరలేదంటే మాత్రం, పక్కింటి పిల్లవాడు జారుతూంటే మనవాడు నడుస్తూ కూర్చుంటే ఎలాగని జనం ఇప్పటికీ చేర్పిస్తున్నారు. మంచు కాపలాదారుకు సర్వీసు రెగ్యులరైజు అయింది. పుల్లన్న గుట్ట మీద పిల్లలు పత్రంతో పనిలేకుండా జారుతున్నారు.

అదంతా తరువాతి సంగతి. ఆ మరునాడు పొద్దున మద్దిలేటి కూతురి చెయ్యి పట్టుకొని బడికి వెళ్ళేసరికి, మేరీ సుశీల టీచరమ్మ అరుగు మీద నిలబడి కొత్త ఉత్తర్వు చదువుతోంది. చుట్టూ ముప్పైమంది పిల్లలు, వాళ్ళ వెనక తల్లులు. చివరి మాట దగ్గర ఆమె ఆగింది. కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకొని, మళ్ళీ పెట్టుకొని చదివింది. తరువాత కాగితం కుడి అంచున నల్లగీత చూసింది. ఆపైన మద్దిలేటిని చూసింది.

పిల్లలు లోపలికి పరిగెత్తుతున్నారు. బిందు గడప దగ్గర ఆగి, వద్దంటారేమోనని వెనక్కి తిరిగి చూసింది. ఎవరూ భుజం పట్టుకోలేదు. చెప్పులు విడిచి లోపలికి వెళ్ళి, కిటికీ పక్కన చాప మీద కూర్చొని, పలక తీసి ముందుగా 'ము' రాసింది.

"మద్దిలేటీ," అంది టీచరమ్మ గొంతు తగ్గించి. "ఇందులో తప్పేమీ దొర్లలేదు కదా నాయనా?"

మద్దిలేటి చేతులు కట్టుకున్నాడు. ఆమె దగ్గర పలక పట్టుకొని నిలబడినప్పటిలాగే నిలబడ్డాడు.

"లేదు టీచరమ్మా. ఈసారి చదివే కొట్టినా."